బీకాం తర్వాత సైకాలజీ పీజీ: తడబడేది ఫ్రాయిడ్ దగ్గర కాదు, రికార్డు దగ్గర

తిరుపతిలో బీకాం పూర్తయింది, సైకాలజీ ఎప్పుడూ చదవలేదు, పీజీ చేసి కౌన్సెలర్ కావచ్చా, లేక యూకేలో ఏడాది కన్వర్షన్ కోర్సు మేలా అని అడిగారు.

సీటు పెద్ద సమస్య కాదు. మన ఎస్వీ యూనివర్సిటీలోనే సైకాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది, అడ్మిషన్లు ఏపీ పీజీసెట్ ద్వారా. ఆ ఏడాది నోటిఫికేషన్‌లో అర్హత ఏం రాశారో చదివి దరఖాస్తు పెట్టండి. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో కానిచ్చేద్దామంటే మాత్రం కుదరదు. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ ఆదేశించింది. మూడు నెలల 'కౌన్సెలింగ్ డిప్లొమా' ప్రకటనలు చూసి డబ్బు కట్టే పిల్లల్ని తలచుకుంటే బాధేస్తుంది. దాంతో ఏ రిజిస్ట్రేషనూ రాదు.

వేరే సబ్జెక్టు నుంచి వచ్చినవాళ్లకి థియరీ పేపర్లు చదివితే వచ్చేస్తాయి. ఇబ్బందంతా ప్రాక్టికల్స్‌లో. ముల్లర్-లయర్ ప్రయోగమే తీసుకోండి. సమానమైన రెండు గీతలు చివర్లలోని బాణం మొనల వల్ల చిన్నాపెద్దాగా కనిపించే భ్రమ అది. బాణం మొనలు లోపలికి తిరిగిన గీత స్థిరంగా ఉంటుంది, దాన్ని స్టాండర్డ్ అంటారు. మొనలు బయటికి విచ్చుకున్న గీతని సబ్జెక్ట్ (ప్రయోగంలో పాల్గొనే వ్యక్తి) జరుపుతూ రెండూ సమానమనిపించిన చోట ఆపాలి. స్టాండర్డ్ గీత 150 మి.మీ., సబ్జెక్ట్ ఆపినవాటి సగటు 132 అనుకోండి. కాన్‌స్టంట్ ఎర్రర్, అంటే ఆ సగటులోంచి స్టాండర్డ్ తీసేస్తే వచ్చేది, మైనస్ 18. లెక్క ఇంతే, బీకాం వాళ్లకి చిటికెలో పని. తప్పు జరిగేది అంతకుముందే. సగం ట్రయల్స్‌లో గీతని పెద్దదిగా పెట్టి తగ్గించమనాలి, మిగతా సగంలో చిన్నదిగా పెట్టి పెంచమనాలి. జరిపే గీత కుడివైపు ఎన్నిసార్లుంటే ఎడమవైపూ అన్నిసార్లుండాలి. ఇది పాటించకపోతే వచ్చిన ఎర్రర్ భ్రమ వల్లనా, చెయ్యి జరిగిన దిశ వల్లనా అన్నది తేలదు. పరికరం వెనక స్కేలున్న వైపు సబ్జెక్ట్‌కి కనపడకూడదు. మధ్యలో 'ఇంకొంచెం జరపండి' అన్నారా, ఆ రీడింగ్ పనికిరాదు. చివర్లో ఇంట్రోస్పెక్టివ్ రిపోర్ట్, అంటే ప్రయోగం చేస్తున్నప్పుడు తనకేమనిపించిందో, సబ్జెక్ట్ మాటల్లోనే రాయాలి. చాలామంది దాన్ని సీనియర్ల రికార్డు చూసి ఎత్తిరాస్తారు, వైవాలో దొరికిపోతారు.

స్టాటిస్టిక్స్‌లో సగటు, స్టాండర్డ్ డీవియేషన్, కోరిలేషన్ మీకు తెలిసినవే. కొత్తది ఏ పరీక్ష ఎప్పుడు వాడాలన్నది. రెండు గుంపుల సగటులు పోల్చాలంటే టీ-టెస్ట్, మూడు లేదా అంతకన్నా ఎక్కువైతే అనోవా. క్లాసులు మొదలయ్యేలోపు ఈ రెండూ కాగితం మీద చేత్తో చేసి చూడండి. సాఫ్ట్‌వేర్ తర్వాత.

యూకే కన్వర్షన్ ఎంఎస్సీ 180 క్రెడిట్లు, ఫుల్‌టైమ్ అయితే ఏడాది. బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపున్న కోర్సైతేనే జీబీసీ (ఆ సొసైటీలో చార్టర్డ్ సభ్యత్వానికి పునాది) అనే అర్హత వస్తుంది, సొంతంగా చేసే పరిశోధన ప్రాజెక్టులో పాసవడం తప్పనిసరి. అయినా అది మొదటి మెట్టే. అక్కడ క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే ఆపైన మూడేళ్ల డాక్టరేట్ చేసి, హెచ్‌సీపీసీలో (అక్కడి ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ) నమోదవ్వాలి. తిరిగొచ్చి తిరుపతిలో పనిచేయాలనుకునేవాళ్లు దానికోసం లక్షల అప్పు చేయొద్దనే నా మాట. ఇక్కడ అడిగేది ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్, జీబీసీ కాదు.

స్కూల్ కౌన్సెలర్ వరకైతే పీజీతో ప్రయత్నించవచ్చు. రుయా లాంటి ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే అది చాలదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకాలజీ పీజీ మీద క్లినికల్ సైకాలజీలో రెండేళ్ల ఎంఫిల్ కావాలంటుంది, లేదా ఆర్‌సీఐ గుర్తించిన క్లినికల్ సైకాలజీ అర్హత ఉండాలంటుంది. ఎంఫిల్ అడ్మిషన్లకి యూజీసీ 2025-26 వరకే గడువిచ్చింది కాబట్టి ఆ దారి మారుతోంది. ఏ కాలేజీ ఏం చెప్పినా ఫీజు కట్టేముందు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోని జాబితా తెరిచి, కోర్సు పేరు, కాలేజీ పేరు, ఎప్పటిదాకా అనుమతి ఉందో మూడూ సరిచూసుకోండి.