రోడ్డుకు పోయే మామిడి చెట్టుకు ధర కట్టడం

చిరంజీవికి ఆశీస్సులు.

హొసకోటె దగ్గర మీ తోటలో కొంత రోడ్డుకు పోతోందని, చెట్టుకు ఎంత అడగాలో తెలియడం లేదని ఫోన్లో అన్నావు. ఉద్యోగం చేసినన్నాళ్లూ తోటల లెక్కలే చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను. టెన్షన్ పడకు, కానీ ఆలస్యం మాత్రం చేయకు. భూమినీ చెట్లనూ లెక్క రాసుకునే జాయింట్ సర్వేకు అధికారులు వచ్చేలోపే నీ లెక్క నీ చేతిలో ఉండాలి.

ముందు ప్రతి చెట్టుకూ నంబరు వేయించు. రకం, వయసు, కాపు ఎలా ఉందో రాసి, ఫోటో తీసి పెట్టు. మామిడి అంటే అంతా ఒకటే అనుకోకు. తోతాపురి దాదాపు ఏటా కాస్తుంది, బాదామి ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు మొండికేస్తుంది. అందుకని ఒక్క ఏడాది దిగుబడి చూపకుండా నాలుగైదేళ్ల సగటు తీయాలి. మండీ చీటీలు, పూతలోనే గుత్తకిచ్చిన కాగితాలు ఉంటే అన్నీ బయటికి తియ్యి. ఆర్‌టీసీలో, అంటే కర్ణాటక పహాణీలో, తోట అని నమోదైందో లేదో కూడా చూడు.

ఇక అసలు లెక్క. ఒక తోతాపురి చెట్టు సగటున 150 కిలోలు కాస్తుందనుకో. కిలో 12 రూపాయల చొప్పున 1,800 వస్తుంది. దున్నకం, మందులు, కాపలా, కోత కూలి కలిపి 600 పోతే నికరంగా మిగిలేది 1,200. ఇంకో 20 ఏళ్లు కాస్తుంది కదా అని దీన్ని 20తో హెచ్చవేసి 24,000 అడిగేవాళ్లను చాలామందిని చూశాను. అది నిలవదు. ఇరవయ్యో ఏట వచ్చే 1,200కి ఈరోజు అంత విలువ ఉండదు. 10 శాతం వడ్డీ లెక్కన 20 ఏళ్ల రాబడి ఈరోజుకు ఏడాది నికర రాబడికి సుమారు ఎనిమిదిన్నర రెట్లే, అంటే 10,200 రూపాయలు. ఇంకా 5 ఏళ్లే కాసే ముసలి చెట్టుకైతే 3.8 రెట్లు. పాత భూసేకరణ చట్టం కింద 1995లో హర్యానా కేసులో సుప్రీంకోర్టు పండ్ల చెట్లకు 8 రెట్లు సరిపోతుందన్నది కూడా ఇంచుమించు ఇక్కడికే వస్తుంది.

ఆ తీర్పులో ఇంకో సంగతి ఉంది. భూమికి దిగుబడిని బట్టే ధర కడితే, అదే దిగుబడి చూపి చెట్లకు మళ్లీ వేరుగా అడగకూడదు. చుట్టుపక్కల ఖాళీ భూముల రిజిస్ట్రేషన్ ధరల ప్రకారం కడితేనే చెట్ల విలువ దానికి తోడవుతుంది. మీ భూమికి ఏ పద్ధతిలో కట్టారో ముందు అడిగి తెలుసుకో.

కాపుకు రాని అంటు మొక్కలకైతే పెట్టిన ఖర్చు, దాని మీద వడ్డీ అడుగు. గట్టు మీది పాత పనసను మాత్రం తక్కువగా చూడకు. కాయ తగ్గినా కలప మంచి ధర పలుకుతుంది, వీణలు చేసేది ఆ కర్రతోనే. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీసి రాయి.

జాబితాలో ఒక్క చెట్టు కూడా ఎక్కువ రాయకు. 10 మీటర్ల ఎడంతో పెట్టిన తోటలో ఎకరాకు 40 చెట్లే పడతాయని వచ్చే అధికారికి తెలుసు. 60 అని చూపిస్తే నిజంగా ఉన్న నలభైనీ అనుమానంగానే చూస్తాడు. భూసేకరణ నోటిఫికేషన్ వచ్చాక కొత్తగా నాటడం కూడా వద్దు. మీ నాన్న పెంచిన చెట్లకు న్యాయమైన ధర రావాలంటే కాగితం శుభ్రంగా ఉండాలి.

2013 భూసేకరణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం చెట్ల ధర కట్టడానికి కలెక్టర్ తోటల రంగంలో అనుభవం ఉన్నవాళ్ల సాయం తీసుకోవచ్చు. వాళ్లిచ్చిన రిపోర్టు నకలు రాతపూర్వకంగా అడుగు. చెట్ల విలువ కూడా కలిసిన పరిహారం మీద నూటికి నూరు శాతం సొలేషియం, అంటే ఊరటగా ఇచ్చే అదనపు సొమ్ము, వస్తుంది, దాన్ని వదులుకోకు. అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు, ప్రకటించేటప్పుడు నువ్వు అక్కడే ఉంటే, ఒప్పుకోనని చెప్పడానికి ఆ రోజు నుంచి 6 వారాలే గడువు. జాతీయ రహదారి అయితే దారి వేరు, ఆర్బిట్రేటర్ (తగవు తీర్చే మధ్యవర్తి) దగ్గరికి వెళ్లాలి. నోటీసులో ఏ చట్టం పేరుందో చూసి ఫోన్ చెయ్యి.

వచ్చే ఆదివారం చీటీలన్నీ పట్టుకుని యలహంకకు రా. బాదామి, తోతాపురి లెక్కలు విడివిడిగా కూర్చుని వేద్దాం.

నీ మేనమామ