ట్రాక్ డేకు వెళ్లే చిన్న కారులో ముందుగా ఏమి మార్చాలి?

సొంత కారును రేస్ ట్రాక్‌పై నడిపే ట్రాక్ డే కోసం విజయవాడ నుంచి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్లేముందు ఇంజిన్ శక్తి పెంచాలా అని అడిగారు. వద్దు, ముందు బ్రేకులు చూడండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కృష్ణ ఒడ్డున ఉన్న మనకు తేమకు కొదవా! డాట్ 4 రకం కొత్త బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. 3.7 శాతం నీరు చేరితే ఆ కనీస హద్దు 155కు పడిపోతుంది. వరుస మలుపుల్లో అది మరిగితే పుట్టేది ఆవిరి. ఆయిల్‌లా కాక ఆవిరి నొక్కితే కుంచించుకుపోతుంది కాబట్టి పెడల్ నేలకు దిగినా కారు ఆగదు. ఆటోనగర్‌లో కొత్త ఆయిల్ పోయించి, గొట్టాల్లోని గాలి పూర్తిగా తీయించండి. వేడిని తట్టుకునే బ్రేక్ ప్యాడ్లు కూడా అవసరమే. టైర్లు వేడెక్కితే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. కొన్ని ల్యాప్‌ల (ట్రాక్ చుట్ల) తర్వాత మళ్లీ కొలవండి. స్టెప్నీ, జాకీ ట్రాక్ దగ్గర దించేస్తే పైసా ఖర్చు లేకుండా బరువు తగ్గుతుంది. ఇంట్లోనే వదిలేయకండి, దారి చాలా దూరం!