బైపోలార్ అని తేలాక తోడు ఎక్కడ వెతుక్కోవాలి?

నెల క్రితం మీకు బైపోలార్ (మనసు కొన్నాళ్లు విపరీతమైన హుషారుకి, కొన్నాళ్లు లోతైన దిగులుకి ఊగిపోయే జబ్బు) అని డాక్టరు చెప్పారని, ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదని, తోడు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. నాకు ఈ జబ్బు తేలి చాలా ఏళ్లయింది. విజయవాడలో ఉంటాను, మనసుని నిలకడగా ఉంచే మందు లిథియం వాడుతూ ఉద్యోగం చేసుకుంటున్నాను.

సలహాలిచ్చేవాళ్లకి కొదవుండదు. పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందనే మావయ్య, తాయెత్తు కట్టించమనే పిన్ని ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్లతో వాదించకండి, ఓపిక దండగ. మీకు ముందు కావాల్సింది మీ నిద్ర మీద కన్నేసి ఉంచే ఒక్క మనిషి. ఆ హక్కు మీరే ఇవ్వాలి, అదీ బాగున్నప్పుడే. మేనియా, అంటే ఆ విపరీతమైన హుషారు దశ, మొదలయ్యేటప్పుడు అది జబ్బులా అనిపించదు మరి. ఇన్నాళ్లకి మామూలు మనిషినయ్యాను అనిపిస్తుంది. మూడు గంటలు పడుకున్నా అలసట ఉండదు, తెల్లారేసరికి బుర్రలో కొత్త వ్యాపారం సిద్ధం. అప్పుడు డాక్టరు దగ్గరికి పద అన్నవాళ్లే శత్రువులు.

నాకు ఆ మనిషి మా అక్క. గుంటూరులో ఉంటుంది. ఇద్దరం కూర్చుని తెల్లకాగితం మీద రాసుకున్నాం: వరసగా రెండు రాత్రులు నాలుగు గంటలకన్నా తక్కువ నిద్రపోతే నన్నడక్కుండానే డాక్టరుగారికి ఫోన్ చేస్తుంది, నా ఏటీఎం కార్డు తన దగ్గర పెట్టుకుంటుంది. పొద్దున్నే ఫోన్ చేసి "రాత్రి ఎన్నింటికి పడుకున్నావురా" అంటుంది. పదకొండింటికి అంటే, "మరి రెండింటికి వాట్సాప్‌లో ఉన్నావేంటి" అంటుంది. విసుగే. విసుక్కుంటూనే నిజం చెప్తాను.

ఇలాంటిదానికి చట్టంలోనూ చోటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, జబ్బు ముదిరితే ఏ వైద్యం కావాలో ఏది వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చు, మన తరఫున మాట్లాడే ప్రతినిధిని మనమే ఎంచుకోవచ్చు. బీమా కంపెనీలు మానసిక జబ్బుల్ని కూడా మిగతా జబ్బులతో సమానంగా చూడాలని చెప్పిందీ ఆ చట్టమే. మీ పాలసీ కాగితాలు ఓసారి బయటికి తీయండి.

మీరూ లిథియమే వాడుతుంటే ఒక మాట. ఒంట్లో లిథియం ఎంత ఉందో చూసే రక్తపరీక్షకి చివరి మోతాదు వేసుకున్న పన్నెండు గంటలకి రక్తం ఇవ్వాలి, పొద్దుటి మాత్ర ఆ తర్వాతే. ల్యాబ్‌లో ఈ సంగతి అడుగుతారని నమ్మకం లేదు. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలూ అప్పుడప్పుడూ తప్పవు. ఒంట్లో నీళ్లు తగ్గితే లిథియం పెరిగిపోతుంది, కాబట్టి బెజవాడ ఎండలు, విరేచనాలు, కటిక ఉపవాసాలు మనకి ప్రమాదం. ఒళ్లునొప్పులకి ఐబుప్రొఫెన్ అడక్కుండా కొనుక్కోవద్దు. చేతులు బాగా వణికి, వాంతులై, నడక తూలుతుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. శివరాత్రి జాగారం నేను మానేశాను, ఒక్క రాత్రి నిద్ర చెడినా మేనియాకి దారి తీయొచ్చని. నాన్నమ్మ చాన్నాళ్లు నొచ్చుకుంది.

ఇంట్లో చెప్పుకోలేని రాత్రుల్లో, ముఖ్యంగా చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తే, 14416కి చేయండి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే ఫోన్ సాయం. ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. డబ్బు ఇబ్బందైతే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. ఆ పేర్లు వింటేనే మనవాళ్లు జంకుతారు గానీ, ఓపీకి వెళ్లి మందులు తెచ్చుకునేవాళ్లు బోలెడంతమంది. అక్కడి బెంచీల మీదే ఇదే జబ్బున్నవాళ్లు పరిచయమవుతారు. బరువు పెరగడం గురించి, చేతుల వణుకు గురించి వాళ్లతో మాట్లాడినంత తేలిగ్గా ఇంకెవరితోనూ మాట్లాడలేం. వాళ్ల మాట విని మోతాదు మాత్రం మార్చకండి.

ఆఫీసు సంగతి మీ ఇష్టం. నేను జబ్బు పేరు చెప్పలేదు. రాత్రి షిఫ్టులు పడవని డాక్టరుగారి చేత ఉత్తరం రాయించి ఇచ్చాను, ఇంకేమీ అడగలేదు.