మ్యాథ్స్ క్లబ్ రెండు వారాలకే ఖాళీ అవుతోందంటే

మొదటి శనివారం నలభై మంది వచ్చి, మూడోసారికి అయిదుగురే మిగిలారంటే కారణం సిలబస్ టెన్షన్ కాదు సార్, క్లబ్‌లో మనం వేసి చూపించే పీపీటీలే. బీఎస్సీ పిల్లలకి అది ఇంకో పీరియడ్‌లాగే ఉంటుంది.

ఈసారి ఇలా చేయండి:

1. ప్రొజెక్టర్ ఆపేసి తలా ఒక తెల్లకాగితం ఇవ్వండి.

2. నాలుగంకెల సంఖ్య రాయమనండి. నాలుగూ ఒకే అంకె కాకూడదు. ఆ అంకెలతో వచ్చే అతిపెద్ద సంఖ్యలోంచి అతిచిన్నది తీసేయాలి. వచ్చినదానితో మళ్లీ అదే పని. 3524 అనుకుంటే 5432 − 2345 = 3087, తర్వాత 8352, ఆపైన 6174. ఇక కదలదు. ఏడు మెట్లలోపే అందరూ అక్కడికే చేరతారు. మహారాష్ట్రలోని దేవళాలీలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్ పట్టుకున్న సంగతి ఇది. (మధ్యలో 999 వస్తే 0999 అని రాసుకోవాలి.)

3. మనం తప్పేది ఇక్కడే: "ఎందుకలా?" అని అడిగి, రెండు నిమిషాలు ఆగలేక మనమే చెప్పేస్తాం. నేనూ ఒక సెమిస్టర్ అలాగే పాడుచేశాను. చెప్పకండి. రెండంకెలతో ఏమవుతుందో చూసుకు రమ్మనండి. 9 (అంటే 09), 81, 63, 27, 45, మళ్లీ 9: గానుగెద్దులా తిరుగుతుంది. అన్నీ 9 గుణిజాలే ఎందుకయ్యాయో ఎవరో ఒకరు పట్టుకుంటారు. చాక్‌పీస్ వాళ్లకిచ్చి మీరు వెనక బెంచీలో కూర్చోండి.

4. నెలరోజులు నిలబడ్డవాళ్లకి డిగ్రీ విద్యార్థులకి పెట్టే మాధవ మ్యాథమెటిక్స్ కాంపిటీషన్ గురించి, 1993 నుంచి నడుస్తున్న ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) వేసవి శిక్షణ గురించి చెప్పండి. ముందే చెబితే జడుసుకుంటారు.