ఏ చర్చికి పోవాలె అని అడిగిన తమ్మికి

తమ్మీ, డల్లాస్‌ల తెలుగు చర్చిలు ఇన్ని రకాలున్నయి, హన్మకొండ బాప్టిస్టోన్ని, నేనెటు పోవాలె అని అడిగినవ్. చర్చిల పైసలు తీసుకొని కీబోర్డ్ వాయిస్తె వీసాకు ఇబ్బందా అన్నది మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుల అడుగు, రూల్స్ వాళ్లు చెప్తరు. నేను చెప్పేది వేరే.

నేనొచ్చింది 2006ల. మాకు దారి చూపెట్టెటోళ్లు లేకుండె, అన్ని మేమే నేర్చుకున్నం, మీకు ఫోన్లనే అన్ని దొరుకుతున్నయి. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు ఇంట్ల కూడిక పెట్టుకునేటోళ్లు, డోర్నకల్ అన్న ఒకాయన ప్రతి శనివారం ఫోన్ చేసి కార్ల తీస్కపోత రా అనేటోడు. నేను పోలే. వాళ్లు చంటిపిల్లలకు నీళ్లు చల్లి బాప్తిస్మం ఇస్తరు, మనది ముంచుడు, పోతె మన విశ్వాసం పల్చబడ్తదని భయం. పెంతెకొస్తు వాళ్ల గట్టి ప్రార్థనలు నాకు పడవని అటు సుత పోలే. ఎనిమిది నెలలు ఆదివారం పొద్దంత రూమ్ల ఒక్కణ్నే. బైబిల్ చదువుకునుడు, మధ్యాహ్నం దాటినంక గోడ దిక్కు చూసుకుంట కూసునుడు. ఒంటరితనం మనిషిని ఎట్ల తింటదో మీకింక తెల్వది.

అప్పుడే మా నాయిన పోయిండు. టికెట్‌కు పైసల్లేవు, మట్టికి అందలే. ఆ రాత్రి ఆ అన్న, వదిన, ఇద్దరు పెంతెకొస్తు పిల్లలు, కాజీపేట కేథలిక్ అక్క ఒకామె వచ్చి నా రూమ్లనే ఆదరణ కూడిక పెట్టిన్రు. వదిన ఎత్తుకున్న కీర్తన మా అమ్మ పాడేదే, రాగం సుత అదే. ఆ అక్క జపమాల పట్టుకొని నా పక్కన కూసుంది, నాకది తప్పనిపియ్యలే.

తర్వాత అన్ననే చెప్పిండు, డోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1919ల తమిళనాడుల తరంగంబాడిల కూసున్న పెద్దలల్ల ఒకరు, సంఘాలు ఒక్కటి గావాలని అక్కడ మాట మొదలైతె ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రెగేషనల్ వాళ్లు కలిసి సీఎస్ఐ అయ్యేసరికి 1947 సెప్టెంబర్ 27 వచ్చింది, ఆయన 1945లనే పోయిండు, చూడలే. మన బాప్టిస్టులు అండ్ల కలువలే. వరంగల్‌ల రైలెక్కితె వచ్చే ఊరి ముచ్చట నాకు డల్లాస్‌ల తెల్సింది.

ముంచుడే బాప్తిస్మం అని నేను ఇప్పటికీ నమ్ముత. అయినా ఆ అన్న మనుమనికి నీళ్లు చల్లిన రోజు పోయి పిల్లగాన్ని ఎత్తుకున్న. వాళ్లందరు ఏకమై ఉండాలని ప్రభువు ప్రార్థన చేసింది (యోహాను 17) తనను పట్టుకునే రాత్రే గదా, మనం వాళ్ల గడప తొక్కమంటె ఎట్ల? బల్ల (రొట్టె, ద్రాక్షరసం) తీసుకునుడు మాత్రం ఒక్కో దగ్గర ఒక్కో పద్ధతి, ముందే పాస్టర్ గారిని అడుగు.

ఈ ఆదివారం ఎవరిదైనా సరే, దగ్గరున్నదానికి పో. ఆరాధన అయిపోంగనే రూముకు ఉరుకకు, అన్నం పెట్టేదాక ఆగు, పక్కన కూసున్నాయన నంబర్ తీస్కో.