మన ఎమ్మెల్యే గారి ఎన్నికల చరిత్ర రాయబోతున్న అమ్మాయికి

చి. అమ్మాయికి,

పెద్దనాన్న దీవెనలు. మన పాత ఎమ్మెల్యే గారి రాజకీయ జీవితం, ఆయన నిలబడిన ఎన్నికల వివరాలు ఒకచోట చేర్చి రాసే పని నీకు అప్పజెప్పారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నావట. ముప్పై ఏళ్ళకు పైగా జిల్లాలో విలేకరిగా పనిచేసి, ఎన్నో కౌంటింగ్ రాత్రులు మేలుకున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువు.

"నాలుగుసార్లు గెలిచారు" అనే వాక్యంతో మాత్రం మొదలుపెట్టకు. చాలామంది అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ముందు ఒక పెద్ద కాగితం తీసుకుని, ఆయన రాజకీయాల్లోకి వచ్చిన దగ్గర్నుంచి జరిగిన ప్రతి ఎన్నికకూ ఒక వరుస గియ్యి. ఏ సంవత్సరం, ఏ నియోజకవర్గం, ఏ పార్టీ, ఏ గుర్తు, ఎన్ని ఓట్లు వచ్చాయి, మొత్తం చెల్లిన ఓట్లెన్ని, రెండో స్థానంలో ఎవరు, మూడో స్థానంలో ఎవరు. ఓడిన ఏడాదికి కూడా అవే గళ్ళు ఉండాలి, అంతే శ్రద్ధగా నింపాలి. పోటీ చెయ్యని ఏడాదికీ ఒక వరుస పెట్టు. ఎందుకు చెయ్యలేదన్నది అక్కడ రాయాలి.

చంద్రబాబు నాయుడు గారి సంగతే చూడు. 1989 నుంచి 2024 వరకు కుప్పంలో వరుసగా ఎనిమిదిసార్లు గెలిచారు. అది నిజమే. కానీ అంతకుముందు 1978లో చంద్రగిరిలో కాంగ్రెస్ తరఫున గెలిచారు, 1983లో అక్కడే తెలుగుదేశం అభ్యర్థి చేతిలో ఓడిపోయారు, 1985లో అసలు పోటీ చెయ్యలేదు. ఆ మూడు వరుసలు లేకపోతే పార్టీ ఎప్పుడు మారింది, ఊరు ఎప్పుడు మారింది అన్నది చదివేవాళ్ళకు అందదు. కేసీఆర్ గారూ అంతే. 1983లో సిద్దిపేటలో మొదటిసారి నిలబడి ఓడిపోయారు. 1985 నుంచి అక్కడ నిలబడిన ప్రతిసారీ గెలిచారు. ఆ మొదటి ఓటమి తెలిస్తేనే తర్వాతి గెలుపుల బరువు తెలుస్తుంది.

ఓటముల గురించి ఇంతగా చెప్పడానికి నా వల్ల జరిగిన ఒక తప్పు కారణం. చాలా ఏళ్ళ క్రితం ఒక మాజీ ఎమ్మెల్యే పోయినప్పుడు ఆయన జీవితం గురించి నేనే రాశాను. మూడు గెలుపులూ సంవత్సరాలతో సహా రాశాను. మధ్యలో ఉన్న ఒక్క ఓటమిని వదిలేశాను. చనిపోయిన మనిషి, కుటుంబం బాధలో ఉంది, ఇప్పుడెందుకులే అనుకున్నాను. వారం తర్వాత ఒక పెద్దాయన బస్సు దిగి, మా ఇల్లు అడుగుతూ నడిచి వచ్చాడు. ఆ ఎన్నికలో గెలిచింది ఆయనే. కోప్పడలేదు. మంచినీళ్ళు తాగి, "బాబూ, నేను జన్మలో గెలిచింది ఆ ఒక్క ఎలక్షనే. ఆయన ఓటమి నువ్వు తీసేస్తే నా గెలుపు ఎక్కడికి పోవాలి?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మర్నాడు సవరణ రాసి పంపాను. అది లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చింది. ఆయన దాన్ని చూశాడో లేదో నాకు తెలియదు. ఒకరి పట్టిక నింపుతున్నప్పుడు ఇంకొకరి జీవితం కూడా నీ చేతిలో ఉంటుందమ్మా.

ఇక లెక్కల దగ్గరికి వద్దాం. గెలుపుల సంఖ్య వేరు, కూర్చున్న శాసనసభల సంఖ్య వేరు. ఈటల రాజేందర్ గారు 2004లో, 2008 ఉప ఎన్నికలో కమలాపూర్ నుంచి గెలిచారు. 2009లో, 2010 ఉప ఎన్నికలో, 2014, 2018ల్లో, మళ్ళీ 2021 ఉప ఎన్నికలో హుజూరాబాద్ నుంచి గెలిచారు. మొత్తం ఏడు గెలుపులు. కానీ కూర్చున్న సభలు నాలుగే. ఏడుసార్లు ఎమ్మెల్యే అని రాస్తే చదివేవాళ్ళు ఏడు అయిదేళ్ళని లెక్కేసుకుంటారు. తెలంగాణ ఉద్యమంలో రాజీనామాలు చేసి మళ్ళీ ప్రజల ముందుకు వెళ్ళినవాళ్ళ అందరి లెక్కా ఇలాగే ఉంటుంది. అందుకని ఉప ఎన్నిక ఉన్న ప్రతి చోటా అది ఎందుకు వచ్చిందో ఒక మాట రాయి. రాజీనామా వల్లా, మరణం వల్లా, రెండు చోట్ల గెలిచి ఒకటి వదులుకోవడం వల్లా అన్నది తెలియాలి. 1985లో ఎన్టీ రామారావు గారు గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడు చోట్లా గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. ఇప్పటి పిల్లలకు మూడు చోట్ల పోటీ ఏమిటని అనుమానం వస్తుంది. 1996లో చట్టం మార్చి రెండు చోట్లకు మించి నిలబడకూడదన్నారు. అప్పటిదాకా ఆ అడ్డు లేదు.

నియోజకవర్గం పేరు ఒకటే అయినంత మాత్రాన నియోజకవర్గం ఒకటే అనుకోకు. అందరూ బోల్తా పడేది ఇక్కడే. 2009 ఎన్నికలు నియోజకవర్గాల హద్దులు మార్చిన కొత్త పునర్విభజన ప్రకారం జరిగాయి. కొన్ని పేర్లు పోయాయి, కొన్ని కొత్తగా వచ్చాయి, పేరు ఉన్నచోట కూడా మండలాలు అటూ ఇటూ అయ్యాయి. పైన చెప్పిన కమలాపూర్ అలా పోయినదే. జనరల్ సీటు రిజర్వుడ్ అయితే అప్పటిదాకా పోటీ చేస్తున్నాయన పక్క నియోజకవర్గానికి వెళ్ళాల్సి వస్తుంది. దాన్ని చూసి ఓటమి భయంతో పారిపోయారని రాసినవాళ్ళను నేను చూశాను. మన ఎమ్మెల్యే గారి విషయంలో 2009కి ముందూ తర్వాతా ఏయే మండలాలు ఉన్నాయో రెండు జాబితాలు పక్కపక్కన పెట్టుకుని చూడు. ఆయనకు పట్టున్న మండలం పక్కకు పోయిందా, బలం లేని మండలం వచ్చి చేరిందా అన్నది తెలిస్తే 2009 ఫలితం సగం అర్థమవుతుంది.

ఆయన కంటే ముందు తరం గురించి ఒక పేరా రాయాల్సి వస్తే ఇంకా జాగ్రత్త. ఆంధ్ర ప్రాంతంలో 1955లో ఎన్నికలు జరిగాయి. తెలంగాణ ప్రాంతంలో 1952లో హైదరాబాద్ రాష్ట్రపు ఎన్నికలు, తర్వాత 1957లో ఎన్నికలు జరిగాయి. 1957లో ఆంధ్ర ప్రాంతంలో శాసనసభ ఎన్నికలు లేవు. 1955లో గెలిచినవాళ్ళే 1962 దాకా కొనసాగారు. కాబట్టి కోస్తా నాయకుడు ఎవరైనా 1957లో ఎమ్మెల్యేగా గెలిచాడని ఎక్కడైనా కనిపిస్తే ఆ రాత మొత్తాన్నీ అనుమానంతో చదువు. అప్పట్లో ద్విసభ్య నియోజకవర్గాలు కూడా ఉండేవి. ఒకే చోట ఇద్దరు గెలిచేవారు, ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి. 1961లో ఆ పద్ధతి తీసేశారు. రెండో సభ్యుణ్ణి ఓడినవాడిగా రాసేసిన పట్టికలు నా కంటపడ్డాయి. ఆ రెండో సభ్యుడు చాలాచోట్ల రిజర్వుడ్ స్థానం నుంచి గెలిచిన దళితుడో గిరిజనుడో అయి ఉంటాడు. అలాంటి మనిషి గెలుపు చెరిగిపోవడం చిన్న పొరపాటని నేను అనుకోను.

పార్టీ గడిలో "కాంగ్రెస్" అని ఒక్క మాట రాసి వదిలెయ్యకు. 1978లో ఇందిరా కాంగ్రెస్ వేరు, బ్రహ్మానందరెడ్డి గారి వైపు ఉన్న రెడ్డి కాంగ్రెస్ వేరు. హస్తం గుర్తు అప్పుడే వచ్చింది. ఫలితాలయ్యాక అటు నుంచి ఇటు వచ్చినవాళ్ళు ఉన్నారు. "ఇండిపెండెంట్" అన్న మాట కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. ఇల్లెందు నుంచి అయిదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారిని కొన్ని ఎన్నికల పట్టికల్లో స్వతంత్ర అభ్యర్థిగా చూపిస్తారు. ఆయన వెనకాల ఎంఎల్ (మార్క్సిస్టు-లెనినిస్టు) పార్టీ, దాని కార్యకర్తలు ఉన్నారని ఆ జిల్లాలో అందరికీ తెలుసు. టికెట్ రాక రెబల్‌గా నిలబడినవాడూ ఇండిపెండెంటే, గుర్తింపు లేని పార్టీవాడూ ఇండిపెండెంటే. పట్టికలో అధికారికంగా ఏముందో అది రాసి, కింద అసలు సంగతి రాయి.

మెజారిటీ గురించి మనవాళ్ళకు మోజు ఎక్కువ. 2019లో విజయవాడ సెంట్రల్‌లో 25 ఓట్లతో గెలుపు తేలింది. 2024లో గాజువాకలో 95,235 ఓట్ల ఆధిక్యం వచ్చింది. ఈ రెండూ ఎవరికైనా గుర్తుంటాయి. కానీ 1962లో వచ్చిన అయిదు వేల మెజారిటీని, 2024లో వచ్చిన అయిదు వేల మెజారిటీని ఒకే గాటన కట్టకూడదు. అప్పుడు ఓటర్లు తక్కువ. 1989 ఎన్నికల నుంచి పద్ధెనిమిదేళ్ళవాళ్ళకు ఓటు వచ్చింది, దాంతో ఓటర్ల జాబితా ఒక్కసారిగా పెరిగింది. అందుకే చెల్లిన ఓట్లలో శాతం ఎంతో పక్కనే వెయ్యి. మూడో అభ్యర్థి ఓట్లు వదలొద్దన్నది కూడా ఇందుకే. 2009లో ప్రజారాజ్యం రంగంలో ఉండటంతో చాలాచోట్ల మూడు ముక్కలాట అయింది. నూటికి నలభై ఓట్లు రాకుండానే గెలిచినవాళ్ళు ఉన్నారు.

గాలి ఎటు వీచిందో కూడా రాయాలి. 1994లో ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెస్‌కు 26 సీట్లే వచ్చాయి. ఆ ఏడాది కాంగ్రెస్ తరఫున గెలిచిన మనిషి సొంత బలం మీద గెలిచాడని చెప్పవచ్చు. 2019లో తెలుగుదేశానికి వచ్చిన 23 సీట్లు, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చిన 11 సీట్లు కూడా అలాగే చూడాలి. అదే 1983లో సైకిల్ గుర్తు మీద మొదటిసారి నిలబడి గెలిచిన కుర్రాళ్ళకు అసలు పరీక్ష ఎదురైంది తర్వాతే, గాలి ఎదురు తిరిగిన 1989లో. మన ఎమ్మెల్యే గారు ఏ గాలిలో గెలిచారు, ఏ గాలికి ఎదురు నిలిచారు అన్నది నీ రాతలో కనిపించాలి.

అంకెలు ఎక్కడ దొరుకుతాయంటే, ఎన్నికల సంఘం ప్రతి ఎన్నిక తర్వాతా వేసే గణాంకాల నివేదికలు ఉన్నాయి. మొదటి ఆధారం అదే. బూత్ వారీ ఓట్లు కావాలంటే ఫారం 20 చూడాలి. ఏ ఊరు ఎటు మొగ్గిందో అందులో తెలుస్తుంది. పేర్ల దగ్గర మాత్రం ఆ నివేదికలను గుడ్డిగా నమ్మకు. ఇంటిపేర్లు పొడి అక్షరాలైపోయి, అక్షరాలు తారుమారై ఉంటాయి. ఒకే పేరున్న ఇద్దరు ఒకే బరిలో ఉండటం మామూలే. పాత పేపర్లు చూసేటప్పుడు, కౌంటింగ్ మర్నాటి పేపర్ దగ్గర ఆగకు. అర్ధరాత్రి ఎడిషన్ వెళ్ళేటప్పటికి ఇంకా రౌండ్లు మిగిలి ఉండేవి. మేము పంపిన అంకె ఆధిక్యమే కానీ చివరి మెజారిటీ కాదు. రెండో రోజు, మూడో రోజు పేపర్లు కూడా చూడు.

2004 ఎన్నికల నుంచి అభ్యర్థుల అఫిడవిట్లు దొరుకుతాయి. ఆస్తులు, చదువు, కేసులు అందులో ఉంటాయి. కేసు నమోదైందా, అభియోగం మోపారా, శిక్ష పడిందా అన్న మూడూ మూడు వేర్వేరు సంగతులు. ఆ తేడా చెడకుండా రాయి. ఎన్నిక మీద హైకోర్టులో పిటిషన్ పడి ఉంటే చివరికి తీర్పు ఏమైందో తెలుసుకున్నాకే రాయి.

ఎన్నికకూ ఎన్నికకూ మధ్య అయిదేళ్ళుంటాయి. ఆయన అసలు ఉద్యోగం అప్పుడే. శాసనసభకు రాకముందు సర్పంచ్‌గా చేశారా, సమితి ప్రెసిడెంట్‌గా చేశారా అడుగు. మండలాలు రాకముందు ఆ తరానికి సమితే బడి. సభలో ఏం అడిగారో శాసనసభ చర్చల సంపుటాల్లో ఉంటుంది. వంద పేజీలు తిరగేస్తే నాలుగు ప్రశ్నలు దొరకవచ్చు, కానీ ఆ నాలుగూ ఆయన నోటి మాటలు. శాసనమండలిలో ఉన్నారని ఎవరైనా చెబితే సంవత్సరం సరిచూసుకో. మండలి 1958లో వచ్చింది, 1985లో రద్దయింది, 2007లో మళ్ళీ వచ్చింది. ఇక వంతెనలు, రోడ్లు, చెరువు పనులు. మంజూరు ఒకరి హయాంలో, శంకుస్థాపన ఇంకొకరి హయాంలో, ప్రారంభం మూడో మనిషి చేతుల మీదుగా జరుగుతుంది. శిలాఫలకం మీద పేరు చూసి పని ఆయన ఖాతాలో వెయ్యకు. జీవో తేదీ చూడు.

ఆయన్ను కలవడానికి వెళ్ళేటప్పుడు నువ్వు గీసిన పట్టిక పట్టుకెళ్ళు. అంకెలు అడగొద్దు, అవి నీ దగ్గర ఉండాలి. ఆ రోజు ఎవరింట్లో ఉన్నారు, ఏ రౌండ్‌లో అర్థమైపోయింది, బీ-ఫాం చేతికొచ్చేసరికి నామినేషన్‌కు ఎంత టైం ఉంది, ఇలాంటివి అడుగు. ఓడిన వరుస దగ్గర వేలు పెట్టి, "ఇది వదిలెయ్యమ్మా" అనవచ్చు. అప్పుడు మా ఇంటికి నడిచొచ్చిన ఆ పెద్దాయన సంగతి చెప్పు. మన ఎమ్మెల్యే గారు నాకు తెలిసినంతలో మర్యాదస్తులు, అర్థం చేసుకుంటారు. ఆయన మీద గెలిచినవాళ్ళనూ, ఆయన చేతిలో ఓడినవాళ్ళనూ కూడా కలువు. ఇరువైపులా పోలింగ్ ఏజెంట్లుగా కూర్చున్న పాతవాళ్ళు ఇంకా కొందరున్నారు. వయసు మీద పడింది, ఆలస్యం చెయ్యకు.

నా కౌంటింగ్ నోటుబుక్కులు నిన్న అటక మీంచి దింపించాను. 1985వి, 1994వి బాగానే ఉన్నాయి. 1989 దానికి చెద పట్టి మొదటి ఆరు రౌండ్లు పోయాయి, ఏడో రౌండ్ నుంచి చదవవచ్చు. మీ పెద్దమ్మ వాటిని గుడ్డలో మూటగట్టి బీరువాలో పెట్టింది. వచ్చే ఆదివారం వస్తే నా చేతిరాత అర్థంకాని చోట్ల పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను.

ఇట్లు,
నీ పెద్దనాన్న