డాక్టర్ సలహా: ‘నాన్నను స్కూలుకు రావద్దని చెప్పు’ అంటున్నాడు

ప్రశ్న: మాది అనంతపురం. నా భర్తది కెన్యాలోని కిసుము. బెంగళూరులో ఫార్మసీ చదివేటప్పుడు పరిచయమై పెళ్లి చేసుకున్నాం. ఆయన అక్కడే ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో వస్తారు. నేను పిల్లలతో మా అమ్మ దగ్గర ఉంటున్నాను. బాబుకు ఏడేళ్లు, అంతా నాన్న పోలిక. పాపకు నాలుగేళ్లు, నా రంగు వచ్చింది. అమ్మకు పాపంటే ప్రాణం, దిష్టి కూడా దానికే తీస్తుంది. క్లాసులో బాబును క్రికెటర్ పేరుతో ‘గేల్’ అంటారట. ఈమధ్య ముఖానికి పౌడరు మందంగా రాసుకుంటున్నాడు. మొన్న ‘నాన్నను స్కూలుకు రావద్దని చెప్పు’ అన్నాడు. ఆయన ఇంటికొస్తే మాత్రం ఒళ్లోంచి దిగడు. ఇది మానసిక సమస్యా? రంగు ఊసెత్తకుండా మామూలు తెలుగు పిల్లల్లా పెంచితే సరిపోదా? ఇద్దరికీ రంగు ఇంత తేడా ఏమిటని చుట్టాలు గుచ్చి గుచ్చి అడుగుతున్నారు, ఏం చెప్పాలి?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: అమ్మా, మీ బాబుకు జబ్బేమీ లేదు. తోటివారితో తనను పోల్చుకోవడం మొదలుపెట్టే వయసులో ఉన్నాడు, ఆ పోలికలో తనకు ఎక్కడ మార్కులు తగ్గుతున్నాయో కనిపెట్టాడు. నాన్నను రావద్దనడం ప్రేమ లేక కాదని, ఒళ్లోంచి దిగడని రాసి మీరే చెప్పారు. నాన్న గేటు దగ్గర కనిపిస్తే మర్నాడు క్లాసులో జవాబు చెప్పుకోవలసింది తనే కాబట్టి, ఆ బరువు తప్పించుకోవడానికి వాడికి తోచిన ఉపాయం అది.

ముందు చుట్టాల ప్రశ్నకు జవాబిస్తాను. ఒంటి రంగును నిర్ణయించే మెలనిన్ ఎంత, ఏ రకం తయారుకావాలన్నది ఒక్క జన్యువు చేతిలో లేదు, చాలా జన్యువులు కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. ప్రతి బిడ్డకూ తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి గానీ, ఏ సగం వస్తుందన్నది కాన్పు కాన్పుకూ మారుతుంది. రెండు డబ్బాల రంగు కలిపితే ప్రతిసారీ ఒకే రంగు వచ్చే లెక్క ఇది కాదు. మీరు ఏ కాన్పులో కుంకుమపువ్వు పాలు తాగారన్నదానితో దీనికి సంబంధమే లేదు.

రంగు ఊసెత్తకుండా పెంచడం గురించి అడిగారు. అది పనిచేయదు. మూడు నెలల పసికందు సైతం తన చుట్టూ ఉండేవారిని పోలిన ముఖాలవైపు ఎక్కువసేపు చూస్తుందని పరిశోధనల్లో తేలింది. 1940వ దశకంలో అమెరికాలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్త దంపతులు నల్లజాతి పిల్లల ముందు తెల్ల బొమ్మనూ గోధుమరంగు బొమ్మనూ పెట్టి ఏది మంచి బొమ్మని అడిగితే, ఎక్కువమంది తెల్ల బొమ్మను చూపించారు. బడుల్లో నల్ల, తెల్ల పిల్లలను వేరుచేయడం చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో కెనెత్ క్లార్క్ రచన ప్రస్తావన ఉంది. మీ ఇంట్లో బొమ్మలు అక్కర్లేకుండానే ఆ పరీక్ష సాయంత్రం సాయంత్రం జరుగుతోంది. అవ్వ ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టుకుని చెల్లెలి చుట్టూ మూడుసార్లు తిప్పుతుంటే, పక్కన నిలబడ్డ ఏడేళ్లవాడికి అర్థమయ్యేది ఒక్కటే: తనకు దిష్టి తగులుతుందన్న భయం ఈ ఇంట్లో ఎవరికీ లేదు. పెద్దలు నోరు విప్పకపోతే ఆ ఖాళీని వాడు ఇలాంటి అర్థాలతోనే నింపుకుంటాడు. దిష్టికి వైద్యంలో చోటు లేదు గానీ, తీస్తే ఇద్దరికీ తీయమని అమ్మగారికి చెప్పండి. పిల్లల ఎదుట వాదించకండి, ఆమె మనసులో చెడు లేదు, అలవాటు ఉంది.

అనంతపురానికి విదేశీయులు కొత్త కాదు. స్పెయిన్‌కు చెందిన సమాజసేవకుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో వచ్చినప్పటి నుంచి స్పెయిన్ వారిని చూస్తూ, ఆదరిస్తూ ఉన్న ఊరు. అలాంటి ఊళ్లోనూ మీవాడు పౌడరు డబ్బా పట్టుకున్నాడంటే, నా ఉద్దేశంలో చిక్కు పరాయితనంతో కాదు, నలుపుతోనే. ఆ మాటను దాచకుండా వాడితో చెప్పండి: ‘నీ రంగు నాన్న ఇచ్చింది, కొందరికి నలుపంటే చిన్నచూపు ఉంది, అది వాళ్ల తప్పు.’ ఏడేళ్లవాడికి ఇంత చాలు, ఉపన్యాసం వద్దు.

‘మామూలు తెలుగు పిల్లలు’ అన్నారు. మీ పిల్లలు నిండా తెలుగువారే, నిండా కిసుమువారు కూడా. ఏదో ఒకటి ఎంచుకోమంటే వాడు ముందుగా తుడిచేసేది నాన్ననే, ఇప్పుడు చేస్తున్నది అదే. అందుకే నాన్న వైపును వేలు పెట్టి తాకగలిగేంత దగ్గరకు తీసుకురండి. ఆయన ఊళ్లో తినే ఉగాలి మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికి చేసే ముద్ద, ఆకుకూరతో చేత్తో తింటారు. ఒక ఆదివారం దాన్నీ మన రాగి సంకటినీ ఒకే పళ్లెంలో పెట్టండి. అక్కడి నానమ్మతో వీడియో కాల్‌లో నాలుగు స్వాహిలి మాటలు మాట్లాడనివ్వండి. చాయ్, చపాతీ అక్కడా చాయ్, చపాతీయేనని తెలిస్తే వాడికి సరదాగా ఉంటుంది.

జుట్టు సంగతి నాన్నకే అప్పజెప్పండి. ఉంగరాల జుట్టులో మాడు దగ్గరి నూనె కొసదాకా చేరదు, త్వరగా ఎండిపోతుంది. రోజూ షాంపూ వద్దు, తడిగా ఉన్నప్పుడే కండిషనరో కొబ్బరినూనో రాసి, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి దువ్వాలి. బాధ పడలేక గుండు చేయించడం తేలికే గానీ, ‘నీ జుట్టే తప్పు’ అని చెప్పినట్టవుతుంది. పౌడరు లాక్కోకండి, ఎందుకు రాసుకుంటున్నాడో అడగండి. తెల్లబరిచే క్రీములు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. కొన్నింటిలో స్టెరాయిడ్ కలుస్తుంది, వాడగా వాడగా చర్మం పలచబడుతుంది. పాదరసం ఉన్నవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. నలుగు పెట్టి గట్టిగా రుద్దినా రంగు మారదు, దద్దుర్లు మాత్రం వస్తాయి.

‘గేల్’ అన్న పిలుపు ముద్దో ఎగతాళో పేరును బట్టి తెలియదు. వద్దన్నప్పుడు ఆపుతున్నారా లేదా అన్నదే గుర్తు. ఆపకపోతే క్లాస్ టీచర్‌తో విడిగా మాట్లాడండి. వాడిని నిలబెట్టి క్లాసుకు నీతి చెప్పవద్దని, ఏదో ఒక దినోత్సవానికి ‘ఆఫ్రికా’ వేషం వేయించవద్దని ముందే చెప్పండి. నాన్నను ఇప్పుడే బలవంతంగా స్కూలుకు పంపకండి. కొన్నాళ్లు వీధి చివర బండి ఆపి ఎదురుచూడమనండి, గేటు దాకా ఎప్పుడు రావాలో బాబే చెబుతాడు.

నిద్ర చెదరడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, బడికి పోనని మొండికేయడం, రంగు పోవాలని చర్మం రక్కుకోవడం, ‘నేను ఉండకపోతే బాగుండు’ వంటి మాటలు అనడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

– పిల్లల వైద్య నిపుణులు, కర్నూలు